లాలాగూడ ఫ్లోరిడా

మా ఫ్లోరిడా పేరు మొదటిసారి విన్నవాళ్ళు రెండే రెండు ప్రశ్నలు వేస్తారు. అమెరికాలో పుట్టారా అన్నది మొదటిది. కాదండీ, లాలాగూడ రైల్వే క్వార్టర్సులో పుట్టింది అంటే, అయితే మీ నాన్నగారికి అమెరికా పిచ్చి ఉండేదా అన్నది రెండోది. మొదటి ప్రశ్న అడిగినవాళ్ళని నేను క్షమిస్తాను. రెండోది అడిగినవాళ్ళని మాత్రం ఊరికే వదలను. నా పేరు గ్రేసీ. మా చర్చిలో క్వయర్ నడిపిస్తాను. పాటల కోసం పెంచుకున్న గొంతు, తిట్టడానికీ బాగానే పనికొస్తుంది.

ఫ్లోరిడా తండ్రి జెరెమియా పాసింజరు బండికి గార్డు. జెండా ఊపినంత శ్రద్ధగా బైబిలు చదివేవాడు, బైబిలంత శ్రద్ధగా మనుషుల మాటలు వినేవాడు. ఆయన బండిలో తరచుగా ఒక స్పెయిన్ దేశపు సిస్టరమ్మ వస్తూపోతూ ఉండేదట. పల్లెటూరి దవాఖానాలు చూసుకునే ముసలావిడ. ఒక ఈస్టరు తెల్లవారుజామున ఈయన డ్యూటీలో ఉన్నాడు. నిండు చూలాలైన ఆయన భార్య ప్రేమమణి మాత్రం అందరితోపాటు సమాధుల తోటకు ఉదయకాల ఆరాధనకు పోయింది. ఈస్టరు పొద్దున సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, అక్కడే ఆరాధన చేసుకోవడం మా పెద్దల నాటి ఆనవాయితీ. పాట పాడుతుండగానే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. చేతిలో బంతిపూల బుట్ట పట్టుకునే రిక్షా ఎక్కిందట. ఎండ ముదరకముందే ఆడపిల్ల పుట్టింది.

సికింద్రాబాదు స్టేషన్లో బండి దిగుతూనే జెరెమియాకు కబురు తెలిసింది. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోవాలో తెలియక, ఎదురుగా కనబడిన సిస్టరమ్మకే చెప్పాడు. ఆవిడ చప్పట్లు కొట్టి, మా దేశంలో ఈ పండుగను పాస్కువా ఫ్లోరీదా అంటాం అన్నది. పస్కా పండుగ అన్న మాట మన బైబిల్లోనూ ఉన్నదే కదా అని ఈయన తబ్బిబ్బయ్యాడు. మరి ఫ్లోరీదా అంటే ఏమిటన్నాడు. పూలతో నిండినది అని చెప్పిందావిడ. అంటే పూల పస్కా. వెనకటికి స్పెయిన్ ఓడవాళ్ళు ఈ పండుగ రోజుల్లోనే ఇప్పటి అమెరికాలో ఒక పచ్చని తీరం చూసి, దానికి ఆ పేరే పెట్టారని కూడా చెప్పింది.

అదీ సంగతి. తర్వాత ఆ నేల చేతులు మారింది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు పేరును ఉంచుకున్నారు గాని, పలకడం మార్చేసుకున్నారు. స్పెయిన్ వాళ్ళు మధ్యలో రీ దగ్గర ఆగి, చివర మెత్తగా దా అంటారట. వీళ్ళు మొదటి అక్షరాన్ని గట్టిగా ఒత్తి మిగతాదంతా మింగేస్తారు. ఇప్పుడా మాట చెవిన పడితే సముద్రం, ఎండ, కొబ్బరిచెట్లు, సెలవులు, తుఫాన్లు. పూలూ లేవు, పస్కా లేదు. రాష్ట్రం పేరుగా అతుక్కుపోయాక అర్థం ఎవడికి కావాలి?

బాప్తిస్మం రోజున అప్పటి పాస్టరు అయ్యగారు పేరు విని, ఏమయ్యా జెరెమియా, బైబిల్లో రూతు, మార్త, రాహేలు అందరూ అయిపోయారా అన్నారు. సంఘమంతా నవ్వింది. జెరెమియా పసిబిడ్డను ఎత్తుకుని నిలబడి పూల పస్కా కథంతా చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు. గార్డు మంచి కథే అల్లాడనుకున్నారు. ఆనాటి నుంచి ఆయన మా వీధిలో అమెరికా జెరెమియా అయ్యాడు. బతికినన్నాళ్ళూ చెబుతూనే ఉన్నాడు పాపం. పెళ్ళిళ్ళలో, ప్లాట్‌ఫారం మీద, కటింగు షాపులో. వినేవాళ్ళు తలూపి, ఆయన వెళ్ళగానే నవ్వుకునేవారు.

ఫ్లోరిడా బడిలో ఉండగానే ప్రేమమణి కామెర్లతో పోయింది. అప్పటి నుంచి ఆ తండ్రీకూతుళ్ళకు ఒక వింత అలవాటు పడింది. పుట్టినరోజు తేదీని బట్టి కాదు, ఈస్టరును బట్టి చేసుకునేవారు. ఈస్టరు మార్చిలో వస్తే మార్చిలో, ఏప్రిల్లో వస్తే ఏప్రిల్లో. ముందు సమాధుల తోటకు పోయి తల్లికి పూలు, తర్వాత ఇంటికొచ్చి కేకు. ఏ ఏడాదికి ఆ ఏడాది దీని పుట్టినరోజు ఎప్పుడే అని మేం క్యాలెండరు చూసుకోవాల్సి వచ్చేది.

పెద్దయ్యాక రైల్వే ఆసుపత్రిలో డ్రెస్సరుగా చేరింది. పుండు కడిగి కట్టు కట్టే ఉద్యోగం. వర్క్‌షాపులో వేలు చితికినవాడు, మోకాలు పగిలిన పిల్లలు, షుగరు పుండ్లతో ముసలివాళ్ళు, అందరూ ఆమె చేతి కిందికి రావలసిందే. లాలాగూడలో ఆమె కట్టు కట్టని ఇల్లు వెతికినా దొరకదు. నొప్పి తెలియకుండా కట్టేది, కడుతూ కడుతూ తిట్టేది. ఆ పనితనమే సమాధుల తోటలోనూ చూపించేది. పూలను దారంతో కాదు, దూదిగుడ్డ బ్యాండేజీ చుట్టతో శిలువకు చుట్టేది. రేకు నలగదు, గాలికి ఊడదు, ఎండేదాకా అలాగే నిలబడుతుంది. తల్లికి మొదలుపెట్టి, తర్వాత తండ్రికి, ఆ తర్వాత ఎవరూ రాని సమాధులన్నిటికీ అలాగే కట్టుకుంటూ పోయింది. వర్క్‌షాపులో ఫిట్టరైన ఆమె భర్త అబ్రహాం సున్నం బకెట్టు పట్టుకుని వెనకే నడిచేవాడు. రిటైరయ్యాక భార్యాభర్తలిద్దరికీ ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాలంటే ఇదే పని.

అంత గట్టి మనిషికీ పేరు దగ్గర మాత్రం ఓపిక అయిపోయింది. తండ్రి పోయాక ఎవరైనా అడిగితే, అవునండీ మా డాడీకి అమెరికా పిచ్చి అని నవ్వేసి ఊరుకునేది. ఒకసారి నేను నిలదీశాను. తలదించుకుని, "చెప్పి చెప్పి ఆయన గొంతే పోయింది గ్రేసీ, నమ్మినోడు లేడు. నేను చెప్తె నమ్ముతరా?" అన్నది. అలా నవ్వేసిన రోజున ఇంటికెళ్ళి సరిగా అన్నం తినదని అబ్రహాం నాకు చెప్పాడు.

పోయిన ఈస్టరుకు ముందు ఏమైందో వినండి. మా సంఘ కమిటీకి కొత్త కార్యదర్శి వచ్చాడు. ఉదయ్ భాస్కర్ గారు. బ్యాంకులో మేనేజరుగా చేసి, ఏ.ఎస్. రావు నగర్లో ఇల్లు కట్టుకున్న భీమవరం మనిషి. చెడ్డవాడేమీ కాదు. లెక్కలు సరిగా ఉండాలి, కుర్చీలు వరుసగా ఉండాలి, అంతే ఆయన బాధ. సమాధుల తోటలో బురద, తేళ్ళు, ముసలివాళ్ళు పడిపోతారు, అయినా ఏటా వచ్చేది గుప్పెడు మందే, కాబట్టి ఇకనుంచి ఈస్టరు ఉదయ ఆరాధన మా ఏరియాలో ఏసీ ఫంక్షన్ హాల్లో పెట్టుకుందాం అన్నాడు. పెద్ద తెర, మంచి మైకులు, తర్వాత టిఫిను. కమిటీలో సగం మంది టిఫిను దగ్గరే ఒప్పేసుకున్నారు.

ఫ్లోరిడా లేచి నిలబడింది. మా అమ్మ, డాడీ అక్కడున్నారు, నా పుట్టినరోజు అక్కడే, మన పండుగ పుట్టింది కూడా సమాధి దగ్గరే కదా సార్ అని మెల్లగా చెప్పింది. ఉదయ్ భాస్కర్ గారు నవ్వుతూ, "ఫ్లోరిడా గారూ, మీరేం బెంగపడకండి. మీ కోసం తెర మీద బీచ్ వేయిస్తాం" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. నాడు జెరెమియాను చూసి నవ్విన సంఘమే మళ్ళీ నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోతుంటే ఫ్లోరిడా నా కొంగు పట్టుకుని గుంజింది.

కుర్ర పాస్టరు అయ్యగారు మాత్రం నవ్వలేదు. ఈ ఒక్క ఏడు రెండు చోట్లా పెడదాం, హాల్లో ఒకటి, తోటలో ఒకటి, నేను తోటకే వస్తాను, జనం ఎక్కడికొస్తే వచ్చే ఏటి నుంచి అక్కడే అన్నాడు. న్యాయమైన మాటే గాని, బయటికి రాగానే ఫ్లోరిడా మొహం పాలిపోయింది. ఏసీ, తెర, టిఫిను ఒకపక్క. రెండోపక్క తను, అబ్రహాం, సున్నం బకెట్టు, నా క్వయరు. ఓడిపోతే ఆ తోటలో ఈస్టరు అన్నది ఇక ఉండదు.

జనానికి తెలియాలంటే గేటుకు ఒక బ్యానరైనా ఉండాలనుకున్నాం. రెజిమెంటల్ బజార్లో మౌలా అలీ అనే అతనికి ఫ్లెక్సుల కొట్టు ఉంది. అతని చేయి వేడినూనెలో కాలినప్పుడు నెలల తరబడి కట్టు మార్చింది ఫ్లోరిడాయే. ఫోన్లో నేనే చెప్పాను. ఈస్టరు ఉదయ ఆరాధన, సమాధుల తోట, అందరూ రండి, పిలుస్తున్నది ఫ్లోరిడా కాబట్టి ఆమె పేరు పెద్దగా కనబడాలి అన్నాను. నా మాటల్లో తప్పేమన్నా ఉందా? లేదు. అతని మనసులోనూ లేదు. తక్కినదంతా అతని అభిమానం చేసిన పని.

శనివారం మధ్యాహ్నం స్వయంగా తనే వచ్చి, నిచ్చెన వేసుకుని గేటుకు కట్టి పోయాడు. సాయంత్రం చూసి నేను నడిరోడ్డు మీద నిలబడిపోయాను. నీలం సముద్రం. కొబ్బరిచెట్లు. ఇసుకలో రంగురంగుల గొడుగు, దాని కింద వాలుకుర్చీ. మధ్యలో ఒక తెల్లని శిలువ. దాని పైన బారెడు అక్షరాలతో ఫ్లోరిడా అని. సమాధుల తోట గేటుకు అది వేలాడుతోంది! ఫోన్ చేసి నోటికొచ్చినట్టు దులిపేశాను. అతను బిక్కచచ్చిపోయాడు.

"పరేషాన్ కాకుండ్రి మేడం. ఫ్లోరిడా అని సెర్చి కొడితే అయ్యే ఫోటోలొచ్చినయ్. ఫ్లోరిడమ్మది కదా, జెర గ్రాండుగ ఉండాలని కొట్టిన. పొద్దుగాల్నే వచ్చి తీసేస్తా."

పొద్దుటిదాకా ఆగేదేముంది? అప్పటికే ఎవరో ఫోటో తీశారు. సంఘం వాట్సాప్ గ్రూపుల నిండా అదే. లాలాగూడ బీచ్ అని ఒకడు, టవలు తెచ్చుకోవాలా అని ఇంకొకడు. ఉదయ్ భాస్కర్ గారు కూడా నవ్వు బొమ్మలు పెట్టాడు. నేను కత్తెర పట్టుకుని ఫ్లోరిడా ఇంటికి పోయాను, పద చింపేద్దాం అని. ఆమె పూలబుట్టల మధ్య కూర్చుని బ్యాండేజీ చుట్టలు విప్పుతోంది. ఫోన్లో ఆ ఫోటో చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఉండనియ్ గ్రేసీ, గుంజకు. మా డాడీ చెప్తె ఒక్కడు ఇనలే. ఇయ్యాల ఊరంత నా పేరు పట్టుకొని కూసున్నది. ఇప్పుడు గాకపోతె ఇంకెప్పుడు చెప్త?"

ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని గ్రూపులో మాట రికార్డు చేసింది. నేను పక్కనే ఉన్నాను. గొంతు మొదట వణికింది, తర్వాత కట్టు కట్టేటప్పటి గొంతు వచ్చేసింది.

"నేను డ్రెస్సర్ ఫ్లోరిడాను. బ్యానర్ చూసి మంచిగ నవ్వుకున్నరు కదా, ఇప్పుడు జెర ఇనుండ్రి. ఫ్లోరిడా అంటె బీచ్ కాదు. స్పెయినోళ్ళు ఈస్టర్‌ను గట్లంటరు. పూల పస్కా అని. నేను ఈస్టర్ నాడు పుట్టిన, అందుకే మా డాడీ ఆ పేరు పెట్టిండు. ఆయనకు ఏ పిచ్చీ లేకుండె. పొద్దుగాల తోటకు రండ్రి. పూలు కొనకుండ్రి, మీ ఇంటి ముంగట ఏది పూస్తె అది తెండ్రి. మీవోళ్ళు ఈడ లేకున్నా రండ్రి. పువ్వు పెట్టెతందుకు ఎవరూ లేని సమాధులు శానా ఉన్నయ్."

అంతే. ఫోన్ బోర్లా పెట్టి పూలు చుట్టుకోవడంలో పడింది. నేను మాత్రం ఆ రాత్రి కునుకు తీస్తే ఒట్టు.

ఇంకా చీకటి విడకముందే నా క్వయరును వెంటేసుకుని తోట చేరాను. ఫ్లోరిడా, అబ్రహాం, అయ్యగారు ఉన్నారు. బయట మౌలా అలీ నిచ్చెన పట్టుకుని తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. ఇంకెవరూ లేరు. ఫ్లోరిడా గేటు వంక చూడటం, మళ్ళీ తల తిప్పుకోవడం. సరే, ఉన్నవాళ్ళమే మొదలుపెడదాం అని పాట ఎత్తుకున్నాను.

మొదటి చరణం కాకముందే ఆటో చప్పుడు. వర్క్‌షాపు ధర్మరాజు ముసలాయన కర్ర ఊతంతో దిగాడు, చేతిలో మల్లెమొగ్గల పొట్లం. ఆయన షుగరు పుండు మానింది ఎవరి చేతిలోనో అందరికీ తెలుసు. ఆయన వెనక ఇంకో ఆటో. ఆ వెనక నడిచి వచ్చేవాళ్ళు. ఇద్దరు, నలుగురు, తర్వాత గుంపులు. కాగితంపూల కొమ్మలు ఎవరో సగం చెట్టు విరిచినట్టు తెచ్చారు. నందివర్ధనాలు, గన్నేరు, మందారాలు, ప్లాస్టిక్ కవర్లో కనకాంబరాలు. కుండీతో సహా గులాబీ మొక్కను మోసుకొచ్చిన మహానుభావుడూ ఉన్నాడు. బ్యానరు చూద్దామని వచ్చిన కుర్రాళ్ళు సెల్ఫీలు తీసుకుని, పక్కింటి గోడ మీద పూసిన తీగ పూలు అడిగి తెచ్చుకుని మరీ లోపలికొచ్చారు. పాడుతూ పాడుతూ వాళ్ళ చేతుల్లోని పూలే చూస్తున్నాను. క్వయరు నడిపేదాన్ని, నేనే శ్రుతి తప్పాను.

మౌలా అలీ నిచ్చెన ఎక్కి బ్యానరు విప్పబోతే, ఫ్లోరిడా కింది నుంచి అరిచింది, ఆగమని. బ్యాండేజీ చుట్టలు అతని మీదికి విసిరింది. ఇక చూడండి తమాషా! కింద జనం పూలు అందిస్తుంటే, పైన అతను వాటిని చుట్టి చుట్టి బ్యానరుకు కట్టాడు. కాలిన మచ్చలున్న ఆ చేతికి ఆ కట్టు ఎలా వేయాలో చెప్పనక్కర్లేదు, నెలల తరబడి చూసినవాడే కదా. గొడుగు పోయింది, వాలుకుర్చీ పోయింది, సముద్రమంతా పూల కిందికి పోయింది. తెల్లని శిలువ, దాని పైన ఫ్లోరిడా అన్న పేరు, ఆ రెండే మిగిలాయి. అప్పుడే ఎండ దాని మీద పడింది.

ఆరాధన సగంలో ఉండగా గేటు దగ్గర ఒక వ్యాను ఆగింది. అందులోంచి ముందు ఇడ్లీ గిన్నెలు దిగాయి, వాటి వెనక ఉదయ్ భాస్కర్ గారు, ఆయన వెనక హాలుకు వెళ్ళిన నలుగురైదుగురు. ఏసీ వేసి ఖాళీ కుర్చీలకు ఎంతసేపని మైకులో మాట్లాడతాడు? ఒక మాట అంటించాలని నాలుక దురదపెట్టింది. కానీ ఆయన ముఖం చూశాక అనలేకపోయాను. పూలు లేని చేతులతో, ఎక్కడ నిలబడాలో తెలియక, దారి మధ్యలో ఆగిపోయాడు.

ఫ్లోరిడా ఆయన దగ్గరికి నడిచింది. ఆయన మెల్లగా, "నాకిక్కడ ఎవరూ లేరండీ. మా అమ్మ సమాధి భీమవరంలో ఉంది. పూలు పెట్టి చాలా ఏళ్ళయింది" అన్నాడు. ఆమె ఒక బంతిపూల గుత్తి చేతిలో పెట్టి, అక్షరాలు అరిగిపోయిన ఒక పాత సమాధి దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఈమెకు గూడ ఎవరు లేరు సార్. మీ అమ్మ అనుకొని పెట్టుండ్రి."

అంత పెద్దమనిషి నేల మీద కూలబడ్డాడు. కట్టు కట్టడం చేతకాక పూలు జారిపోతుంటే, ఫ్లోరిడా పక్కన కూర్చుని ఆయన వేళ్ళ మీద నుంచే చుట్టించింది. ఆయన ఏడుస్తూనే ఉన్నాడు. అన్నేళ్ళ బెంగ ఆ సమాధి దగ్గరే దించుకున్నాడు.

చివర్లో అయ్యగారు, వచ్చే ఏడు ఎక్కడ అని అడగబోయాడు. అడగనివ్వకుండానే ఉదయ్ భాస్కర్ గారు లేచి, వచ్చే ఈస్టరే కాదు, ఈ సంఘం ఉన్నన్నాళ్ళూ ఈస్టరు ఇక్కడే, హాలు నాకొద్దు అన్నాడు. తోట మొత్తం చేతులెత్తింది, చేతుల్లో పూలు. ఇంకో మాట కూడా చెప్పాలి, నేను ఆమె పేరు మీద పరాచికం ఆడాను, రాత్రి ఫోన్లో వెతికి చూశాను, జెరెమియా గారు చెప్పింది నిజం అన్నాడు. జనంలోంచి జెరెమియా కథ గుర్తున్న పెద్దలెవరో "హ్యాపీ బర్త్‌డే ఫ్లోరీదా" అని అరిచారు, అచ్చం ఆ స్పెయిన్ సిస్టరమ్మ పలికినట్టే. ఇక అందరూ అందుకున్నారు. గార్డు జెరెమియా పెట్టిన పేరు, పెట్టిన తీరుగానే, ఆ పొద్దున తోటంతా మోగింది.

ఇడ్లీల దగ్గర సందడిగా ఉంది. ఫ్లోరిడా కనబడలేదు. వెతుకుతూ వెళ్తే తండ్రి సమాధి దగ్గర ఉంది. ఆ ఒక్క శిలువకే ఇంకా పూలు కట్టలేదు. ఊరందరివీ అయ్యాక, అబ్రహాం దాచి ఉంచిన ఆఖరి చుట్ట విప్పి కడుతోంది. నేను వెనకే ఆగిపోయాను. ముడి బిగించి, రాయి మీద అరచేయి వేసి, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు మామూలుగా చెప్పింది.

"డాడీ, ఇయ్యాల అందరు నమ్మిండ్రు."